పిల్లల కెమెరా – ఒకటి

ఆదివారం పొద్దున్నే భద్రాచలం వెళ్లి, కూతురు లిఖితకు ఒక చిన్న డిజిటల్ కెమెరా కొని, మధ్యాహ్నం భోజనాల వేళకు ఇల్లు చేరాలన్నది నాగలత వేసుకున్న పథకం. అందులో ఒకే ఒక్క లోపం ఉంది. భర్త కూడా వెంట వస్తున్నాడు.

లిఖిత ఆరో తరగతి. ‘మా ఊరి పక్షులు’ అని ఫోటోల ఆల్బం చేసుకురమ్మన్నారు బడిలో. పిల్ల చేతికి ఫోన్ ఇచ్చేది లేదని నాగలత ఖరాఖండిగా చెప్పింది కాబట్టి, తక్కువలో వచ్చే కెమెరా ఏదైనా చూద్దామనుకున్నారు. తనకేం కావాలో లిఖిత నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకుంది: చేతిలో పట్టాలి, కింద పడ్డా పగలకూడదు, నొక్కితే ఫోటో రావాలి. కెమెరాల గురించి మనిషి తెలుసుకోవలసింది ఇంతకు మించి ఏమీ లేదని నాగలత అభిప్రాయం.

భర్త వెంకటకృష్ణ అభిప్రాయం వేరు. చర్ల రోడ్డు మీద ఆరెకరాల మిరప తోట, ఒక ట్రాక్టరు, తాతగారు కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చినప్పుడు మోసుకొచ్చిన గొంతు ఆయనకున్న ఆస్తులు. వాటిలో విశ్రాంతి ఎరగనిది గొంతు ఒక్కటే. మూడు వారాలుగా ఫోన్లో కెమెరాల వీడియోలు చూసి, సెన్సార్ అంటే ఏమిటో పురుగుమందుల కొట్టువాడికి, మెగాపిక్సెల్ అంటే ఏమిటో పాలు పోసే ఆవిడకు, జూమ్‌లో రకాలెన్నో అత్తగారికి నాలుగుసార్లు వివరించాడు. వాళ్లెవరూ అడగలేదు. ఎదుటి మనిషిని ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తే తన పరువు పోతుందని ఆయనకు ఎవరో చిన్నప్పుడే చెప్పి ఉంటారని నాగలత అనుమానం.

భద్రాచలంలో రూప్‌సింగ్‌ది ఫోటో స్టూడియో. పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతుంటాడు కూడా. లిఖిత చెయ్యి ఒకసారి చూసి, లోపల్నుంచి ఎర్రటి చిన్న కెమెరా తెచ్చి అరచేతిలో పెట్టాడు. ఎదురుగా కరెంటు తీగ మీద పావురం ఉంది. లిఖిత నొక్కింది. పావురం తెర మీదికి వచ్చి కూర్చుంది.

“అమ్మా, ఇదే,” అంది లిఖిత.

లోపలికొచ్చి అయిదు నిమిషాలు కూడా కాలేదు. నాగలత పర్సు తీసింది.

“ఎన్ని మెగాపిక్సెల్?” అన్నాడు వెంకటకృష్ణ.

“పదహారు అన్నా. పిల్లలకు మస్తు సరిపోతది.”

“పదహారా? ఈ రోజుల్లో పదహారుతో ఏం కనబడుతుందయ్యా?” అంటూ ఆయన కళ్లు పై అరలోకి పాకాయి. అక్కడ ఆకుల బొమ్మల అట్ట అంటించిన పచ్చటి డబ్బా ఒకటుంది. “అదేంటి?”

“అది పిల్లలు పట్టుకొని తీసేది గాదన్నా. అది అడవిల...”

“అడవిలో పని చేసేది ఇంటి దగ్గర చెయ్యదా?”

“చేస్తది గని అన్నా, దానికి...”

“ముప్పై ఆరు మెగాపిక్సెల్. వానకు తడవదు. చీకట్లో కూడా తీస్తుంది. ధర చూస్తే దీనికన్నా తక్కువ. ఇంత మంచి వస్తువు పైన దాచి, పిల్ల చేతిలో సబ్బుపెట్టె పెడతావా? మాకేం తెలియదనుకున్నావా?”

రూప్‌సింగ్ ఇంకో రెండుసార్లు వాక్యం మొదలుపెట్టి, రెండుసార్లూ మధ్యలోనే దిగిపోయాడు. చివరికి వెంకటకృష్ణ గల్లా పెట్టె మీదికి వంగి, “బిల్లు మీద పిల్లల కెమెరా అని రాయి,” అన్నాడు. రూప్‌సింగ్ నాగలత వైపు ఒకసారి చూసి, ‘పిల్లల కెమెరా – ఒకటి’ అని రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక లిఖిత డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాన్నా, నొక్కేది ఏది?”

వెంకటకృష్ణ కూడా తిప్పి చూశాడు. పైన లేదు, పక్కన లేదు, అడుగున లేదు. చెట్టుకు కట్టుకోవడానికి బెల్టు మాత్రం ఉంది.

“ఇది ఆటోమేటిక్. నొక్కే కాలం పోయింది,” అన్నాడు.

లిఖిత కాగితం విప్పి కూడబలుక్కుంటూ చదివింది. చెట్టుకు కడితే, ముందు ఏది కదిలినా అదే ఫోటో తీసుకుంటుందట.

“మరి నేనేం చెయ్యాలి?”

“నువ్వు చదువుకో.”

పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర కడితే గోరింకలు పడతాయని పిల్ల బతిమాలింది. ముప్పై ఆరు మెగాపిక్సెళ్లను నీళ్ల తొట్టికి ఖర్చు పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. తోట చివర ఇప్ప చెట్టుకు, అడవి అంచున పొదల వైపు చూసేలా బిగించి వచ్చాడు.

సోమవారం ఏడింటికి భీమక్క తన మనుషుల్ని వెంటబెట్టుకుని మిరపకాయలు కోయడానికి వచ్చింది. వాగు అవతలి గూడెం వాళ్లు, పన్నెండు మంది ఆడవాళ్లు. తోటంతా ఎర్రగా పండి ఉంది. నాలుగు రోజుల్లో వాన అని టీవీలో చెబుతున్నారు. తడిస్తే కాయ నల్లబడుతుంది, ఏడాది కష్టం గంగలో కలుస్తుంది.

“ఏంది సారూ, చెట్టుకు గది కట్టిండ్రు?” అంది భీమక్క.

పాప కోసం కొన్నది, పొరపాటు పడ్డాను అంటే సరిపోయేది. అంత చిన్న మాట ఆయన నోట్లో పట్టలేదు.

“పులుల్ని లెక్కపెట్టే కెమెరా. దీని ముందు నుంచి ఏది పోయినా ఫోటో పడుతుంది. పగలైనా, చీకటైనా, పొద చాటున కూర్చున్నా సరే,” అన్నాడు.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొదల వైపు చూశారు. గంపలు బోర్లించి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

“చూశావా, పులి పేరెత్తేసరికి ఎలా పోయారో,” అని నాగలత వైపు తిరిగి నవ్వాడాయన. ఆ నవ్వు టీ కొట్టు దాకా తీసుకెళ్లి అక్కడ కూడా నవ్వాడు. తొమ్మిదింటికి వెంకటకృష్ణ తోటలో పులి కెమెరా ఉందని ఊరికి తెలిసింది. పదింటికి ఆ మాటలోంచి కెమెరా జారిపోయి పులి మాత్రం మిగిలింది. పదకొండింటికి ఒంటరిగా ఎవరూ చేలకు పోవద్దని పంచాయతీ మైకు అరిచింది. బడి మూసేశారు. ప్రమాదం అడవి వైపు నుంచి ఉందన్నారు కాబట్టి జనం అడవి వైపే వచ్చి వెంకటకృష్ణ గట్టు మీద నిలబడ్డారు.

మధ్యాహ్నం ఒక లోకల్ ఛానల్ అబ్బాయి మైకు పట్టుకుని వచ్చాడు. నిజం చెప్పి అందరినీ ఇంటికి పంపే అవకాశం భర్తకు అప్పుడు కూడా ఉందని నాగలతకు తెలుసు. మైకు ఎదురుగా ఉంటే ఆయన ఆ అవకాశాన్ని వాడుకోడని కూడా తెలుసు.

“అడుగుజాడను బట్టి మగపులి. వయసు ఆరేళ్లు ఉంటుంది. స్వభావం కాస్త మొండి,” అన్నాడు వెంకటకృష్ణ, బురదలో ఒక గుంట చూపిస్తూ. అది క్రితం రోజు కెమెరా కడుతూ జారిపడ్డప్పుడు ఆయన మోచెయ్యి దిగిన చోటు.

ఆ వీడియో చూసి సాయంత్రానికి ఫారెస్టు ఉద్యోగి హాతీరాం బండి మీద దిగాడు.

“మా అడవి బీట్ల ఇసొంటియే రెండు కెమెరాలు పోయినయ్ సార్. ఇది మీకెక్కడిది?”

“కొన్నాం. బిల్లుంది.”

హాతీరాం బిల్లు చదివాడు. మళ్లీ చదివాడు.

“పిల్లల కెమెరానా? ఏ పిల్లలకు సార్, పులి పిల్లలకా?”

“అసలు ఈ కెమెరా సెన్సార్...”

“సెన్సార్ సంగతి రేపు మా సార్‌కు చెప్పుండ్రి. అడవి శాఖ సామాను అని తేలితే కేసైతది. అప్పటిదాంక దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. రేపు పన్నెండింటికి పంచాయతీ ఆఫీసుల కార్డు తీసి చూస్తం.”

వెంకటకృష్ణ వాక్యాన్ని ఇంకొకరు కోసెయ్యడం నాగలత చూడటం అదే మొదలు. ఆ సంతోషం పూర్తిగా అనుభవించడానికి కూడా తీరిక లేకపోయింది. తోటలో కాయ అలాగే ఉంది.

మంగళవారం పొద్దున్నే ఆమె వాగు దాటి గూడేనికి వెళ్లింది. భీమక్క ఇంటి ముందు ఇప్పపూల గంప అల్లుకుంటూ ఉంది.

“భీమక్కా, పులి లేదు, గిలి లేదు. అంతా మా ఆయన పుట్టించిందే. భయపడకుండా రండి.”

భీమక్క తల ఎత్తింది. “పులికి భయపడి రాలేదని ఎవలు చెప్పిన్రమ్మా? పులి ఉంటే ఉంటది, దాని తొవ్వ దానిది. మేము పన్నెండు మంది ఆడోళ్లం పొద్దుగూకిందాంక నీ తోటల ఉంటం. బయటికి పోవాలంటే మాకున్నది గా పొదలే. మీ ఆయన సరిగ గాడికే కెమెరా తిప్పి, పొద చాటున కూసున్నా ఫోటో పడుతదని ముఖం మీదనే చెప్పె.”

నాగలతకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా ఆ తోటలో కూలీలు పని చేస్తున్నారు. వాళ్లు ఎక్కడికి వెళతారన్న ప్రశ్న ఆ ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు. ఆయన సంగతి సరే, తనకు కూడా రాలేదు.

“తప్పు మాదే భీమక్కా. ఆ డబ్బా ఇవాళే తీయిస్తాను. అక్కడ నాలుగు తడికెలు కట్టించి చాటు కూడా చేయిస్తాను.”

“గట్లయితే రేపు వస్తం,” అని భీమక్క మళ్లీ గంప మీదికి వంగింది.

దారిలోనే నాగలత రూప్‌సింగ్‌కు ఫోన్ చేసింది. అతనికి కావలసిందల్లా వాక్యం చివరిదాకా వినే మనిషి. డబ్బా నంబరు, అది తన దగ్గరికి ఎలా వచ్చిందో తెలిపే కాగితం, రెండూ అయిదు నిమిషాల్లో పంపించాడు.

పన్నెండింటికి పంచాయతీ ఆఫీసు నిండిపోయింది. రూప్‌సింగ్ పంపిన నంబరు సరిచూసుకుని హాతీరాం దొంగతనం మాట వదిలేశాడు. కార్డును కంప్యూటర్లో పెట్టాడు. రెండు వందల పన్నెండు ఫోటోలు. నూట తొంభై దాకా వెంకటకృష్ణవే. డబ్బా పని చేస్తుందో లేదోనని ఆయన వచ్చి చూసిన ప్రతిసారీ అది పని చేసింది. ఒకదాంట్లో తెర నిండా ముక్కు. ఒకదాంట్లో కెమెరా అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకుంటున్నాడు. వరుసగా ఆరింట్లో జామకాయ తింటున్నాడు. జనం మొదట మర్యాదకు నవ్వు ఆపుకున్నారు, ముక్కు దగ్గర వదిలేశారు.

“పులేది సార్?” అని ఎవరో వెనక నుంచి అడిగారు.

“పులి స్వభావం మీకు తెలియదు,” అన్నాడు వెంకటకృష్ణ. “మనిషి అలికిడి వినబడితే అది కిలోమీటరు దూరంలోనే...”

ఆగిపోయాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో భర్త తనంతట తాను వాక్యం మధ్యలో ఆగడం నాగలత ఎప్పుడూ చూడలేదు.

తెర మీద ఆ రోజు పొద్దుటి ఫోటో ఉంది. సమయం ఆరూ పన్నెండు. వెంకటకృష్ణ అడవికి వీపు పెట్టి, ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతున్నాడు. హైదరాబాదులో ఉన్న బావమరిది నానికి పులి స్వభావం వివరిస్తున్న సమయం అది. ఆయన వెనక ఇరవై అడుగుల దూరంలో, పొద పక్కన, పులి కూర్చుని ఉంది.

హాతీరాం తరువాతి ఫోటో నొక్కాడు. ఆరూ పదిహేను: చెయ్యి ఇంకా ఊగుతోంది, పులి వింటోంది. ఆరూ పంతొమ్మిది: పులి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆరూ ఇరవై ఒకటి: చెయ్యి అలాగే ఊగుతోంది, పులి వీపు మాత్రం అడవిలోకి పోతూ కనబడుతోంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. భర్త ముఖం పాలిపోయి ఉంటే, నాగలత కుర్చీ ఆయన వైపు జరిపి, “కూర్చోండి,” అంది మెల్లగా. ఆయన కూర్చుని మంచినీళ్లు అడిగాడు. నాలుగు గంటల దాకా మరో మాట మాట్లాడలేదు. ఊరికి ఆ రోజు రెండు వింతలు.

సాయంత్రానికి కోలుకుని, “నాకు ముందే తెలుసు, మైకులో చెప్పానుగా,” అనడం మొదలుపెట్టాడు. కాదనడానికి ఎవరికీ ఆధారం లేకుండా పోయింది. పులి నిజంగానే మగది. వయసు ఆరేళ్లేనని ఫారెస్టు వాళ్లు తేల్చారు.

కెమెరాను హాతీరాం వాగు వైపు మార్చుకున్నాడు. డప్పులతో ఇద్దరు మనుషుల్ని గట్టు మీద కాపలా పెట్టాడు. తడికెలు లేచాయి, భీమక్క మనుషులు వచ్చారు, వాన పడేలోగా కాయంతా కల్లంలో టార్పాలిన్ పట్టాల కిందికి చేరింది. శనివారం నాగలత కూతుర్ని తీసుకుని, ఈసారి ఇద్దరే, భద్రాచలం వెళ్లి ఎర్ర కెమెరా కొనుక్కొచ్చింది. లిఖిత ఆల్బం మొదటి పేజీలో నీళ్ల తొట్టి మీద గోరింక ఉంది.

పులి ఆ వారమే ఛత్తీస్‌గఢ్ వైపు దాటిపోయింది. ఆహారం దొరక్క వెళ్లి ఉంటుందని ఫారెస్టు వాళ్లు రాసుకున్నారు, భర్త మాట్లాడిన ఆ తొమ్మిది నిమిషాల సంగతి నాగలత వాళ్లకు గుర్తు చేయలేదు.