కండక్టరమ్మకు తొలి అవకాశం

"ఇకమీదట మనసుల్ని బాగుచేసే విద్య ఏ ఒక్క వర్గం సొత్తూ కాదు!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. మంత్రిగారు మా బావ. మొదటి చప్పట్లు నావే.

నిజం చెప్పొద్దూ, ఆ కౌన్సెలింగ్ శిక్షణ కేంద్రంలో వైవిధ్యానికి ఏనాడూ లోటు లేదు. డాక్టర్ల పిల్లలున్నారు, జడ్జీల పిల్లలున్నారు, డైరెక్టరుగారి మేనకోడళ్లిద్దరున్నారు. ఆ ఇద్దరికీ క్షణం పడదు. ఇంతకంటే భిన్నత్వం ఎక్కడ దొరుకుతుంది? అయినా బావది వెన్నలాంటి మనసు. "బయటివాళ్లని ఒకరిని తీసుకోండయ్యా," అన్నాడు.

వచ్చింది ఓ బస్సు కండక్టరమ్మ. డిపోలో సెలవు పెట్టి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చింది. బావతోపాటు ఇంటర్వ్యూలో నేనూ కూర్చున్నాను, బంధువు హోదాలో.

"ఈ కోర్సు ఎందుకమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

"మిల్లు మూతపడ్డప్పటి నుంచి మా తమ్ముడు నోరు విప్పట్లేదు సార్. ఓ డాక్టరమ్మకి చూపిస్తే గుర్రపుస్వారీ చేయమంది. మా వీధిలో ఇలాంటివాళ్లు ఇంటికొకరున్నారు. నేనే నేర్చుకుంటే వాళ్లకి అర్థమయ్యేలా మాట్లాడతా కదా!"

డైరెక్టరుగారు చలించిపోయారు. "చిన్ననాటి గాయం ఏదైనా ఉందా?"

"తిండికి కటకటగా ఉండేది సార్."

"అది గాయం కాదమ్మా, పౌరసరఫరాల శాఖ. మా చిన్న మేనకోడల్ని చూడు, పియానో టీచరు కసిరాడని ఇప్పటికీ ఏడుస్తుంది. లోతంటే అదీ!"

కండక్టరమ్మను చూస్తే నాకు భలే జాలేసింది. తమ్ముడికి గుర్రపుస్వారీ కూడా వద్దనేంతగా గుర్రాలంటే గిట్టని మనిషిని నేనెక్కడా చూడలేదు.

బావ బల్ల గుద్దాడు. "అవన్నీ నాకు తెలీదు. రేపు పేపర్లో ఈమె మీ క్లాసులో కనబడాలి!"

కనబడింది. చుట్టూ విద్యార్థులు, మధ్యలో కండక్టరమ్మ.

"మీలాంటివాళ్లని ఇంత దగ్గర్నుంచి చూడ్డం మా పిల్లలకి ఇదే మొదలు. ముందు మీమీద ప్రాక్టీసు చేస్తారు," అన్నారు డైరెక్టరుగారు.

"మరి నేనెప్పుడు నేర్చుకునేది సార్?"

పెద్ద మేనకోడలు చటుక్కున ముందుకు వంగింది. "ఈ కోరిక మిమ్మల్ని ఎన్నాళ్లుగా బాధపెడుతోంది?"

"బాధేంటమ్మా? నేర్పమంటున్నా, అంతే!"

"కోపం కూడా ఉందక్కా," అంది చిన్న మేనకోడలు. పుట్టి బుద్ధెరిగాక వాళ్లిద్దరి మాటా కలవడం అదే ప్రథమం. డైరెక్టరుగారు కళ్లొత్తుకున్నారు.

ఇక వైద్యం జోరందుకుంది. ఒకరు ఆ కోరికకి మూలం ఆమె అమ్మమ్మ దగ్గర పట్టుకున్నారు. ఇంకొకరు ఆ కోరికని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి, "వెళ్లిరా తల్లీ" అని ఆమె చేతే సాగనంపించబోయారు.

"టికెట్ కొట్టాక బస్సు దిగమంటే ఎలాగమ్మా?" అంది కండక్టరమ్మ.

"ఆ బస్సు మీ లోపలే ఉందండీ," అన్నారు అందరూ ఏకకంఠంతో.

నెల తిరిగేసరికి ఆమె లేచి చేతులు జోడించింది. "నాకేం నేర్పొద్దు, మీకో దండం. ఇంట్లో మా తమ్ముడు ఒక్కడే ఉన్నాడు, నన్ను పోనివ్వండి!"

క్లాసంతా ఒకరినొకరు వాటేసుకున్నారు. పూర్తిగా నయమైపోయింది!

పిల్లలందరికీ బావ చేతులమీదుగా పట్టాలిచ్చారు. ఈ ఏడాది కండక్టరమ్మ వీధి నుంచి కోర్సుకి ఒక్క దరఖాస్తు కూడా రాలేదని డైరెక్టరుగారు విన్నవించుకున్నారు.

బావ పొంగిపోయాడు. "అయితే మొత్తం వీధికే నయం చేశారన్నమాట!"