పోశన్నను లేపాల్సిన కామెంటరీ

ఎల్లారంలో కుస్తీ కామెంటేటర్ మైకులో ఏది చెబితే పహిల్వాన్‌కు అదే జరుగుతుంది కాబట్టి, ఆదివారం మధ్యాహ్నం పోశన్న పహిల్వాన్ అన్నం తింటూ తింటూ వెల్లకిలా పడిపోయినప్పుడు వీధిలో ఎవరూ పెద్దగా కంగారుపడలేదు. రేడియోలో కుస్తీ కార్యక్రమం వస్తోంది. అందులో ముందు పోశన్న పేరు వినబడింది, తర్వాత పోశన్న పడ్డాడు. క్రమం సరిగ్గానే ఉంది.

బయటి ఊళ్లవాళ్లకు ఈ పద్ధతి తలకిందులుగా తోస్తుంది. అక్కడ ముందు కుస్తీ జరుగుతుంది, చూసినవాడు తర్వాత చెబుతాడు. ఎల్లారంవాళ్లు దీన్ని వెనకబాటుతనం అంటారు. జరిగినదాన్ని చెప్పడానికి కళ్లున్న ఎవడైనా చాలు, దానికో కళాకారుడు ఎందుకని వాళ్ల వాదన. ఎల్లారం గోదాలో పహిల్వాన్లిద్దరూ చిటికెడు మట్టి తీసి నుదుట రాసుకుని, చేతులు కలిపి, కామెంటేటర్ నోటికేసి చూస్తూ నిలబడతారు. ఆయన గొంతు సవరించుకున్నాక ఆట మొదలవుతుంది. ఆయనకు జలుబు చేస్తే పోటీ వాయిదా పడుతుంది.

ఈ విద్యలో సుదర్శనాచారిని మించినవాడు పుట్టలేదు. "పడ్డాడు" అనడం చాలామందికి వచ్చు. పడ్డాక "ఇక లేవడు" అని ఆగడం మాత్రం ఆయనకే చెల్లింది. ఆయన ఆగితే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవారు, పల్లీలమ్మేవాడు పొట్లం కట్టడం మరిచిపోయేవాడు. జనం ఇక ఏడుపు ఆపుకోలేరనుకున్నప్పుడు ఆయన "లేచాడు!" అనేవాడు. పహిల్వాన్ లేచి గెలిచేవాడు. ఇన్నేళ్లలో ఒక్క పహిల్వాన్‌ను కూడా ఆయన మట్టిలో వదిలేసి ఇంటికి వెళ్లలేదు.

పోశన్న కుస్తీ కూడా అలాగే జరిగింది. చాలా ఏళ్ల కిందట ఒక జాతరలో ఆచారి, "కొండ కూలిందయ్యా! ఏ మట్టి పెంచిందో ఆ మట్టే మింగింది! పోశన్న ఇక లేవడు!" అన్నాడు. ఎల్లారం ఆ మాటకు ఏడ్చింది. కానీ "లేచాడు" అనే దగ్గర ఆచారికి వక్కపలుకు గొంతులో అడ్డంపడింది. దగ్గుతూనే లేపాడు. పోశన్న కూడా దగ్గుతూనే లేచి, దగ్గుతూనే గెలిచాడు. అప్పట్లో దాన్నెవరూ తప్పు పట్టలేదు.

ఇప్పుడు కుస్తీ వ్యాఖ్యాన సంఘంవారు ఇన్నేళ్ల కామెంటరీల్లోంచి ఆణిముత్యాలు ఏరి రేడియోలో వినిపిస్తున్నారు. మొదటి స్థానం పోశన్న పతనానికి దక్కింది. దాన్ని "ఇక లేవడు" దగ్గర కత్తిరించారు. తర్వాత వంటనూనె ప్రకటన వచ్చింది. ప్రకటన అయ్యాక లేపుతారేమోనని పోశన్న భార్య లింగవ్వ చేయి కడుక్కోకుండానే రేడియో ముందు కూర్చుంది. ప్రకటన తర్వాత ఇంకెవరో పహిల్వాన్ పడ్డాడు.

డాక్టర్ వచ్చి చూశాడు. నాడి బాగానే ఉంది, ఆకలి బాగానే ఉంది. రోగం పేరు మధ్యలో ఆగిన కామెంటరీ అన్నాడు. ఇలా పడుకునే ఉంటే కాళ్లు సన్నబడతాయని, వానలు పడేలోపు లేవకపోతే ఆ తర్వాత ఎంతటివాడు చెప్పినా లేవలేడని ఉన్నమాట చెప్పి వెళ్లాడు. టింబర్ డిపోలో దుంగలు మోసే కాళ్లవి. లింగవ్వ వాటిని చూసి గోడవైపు తిరిగి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని సంఘం కార్యాలయానికి వెళ్లింది.

కార్యదర్శి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"చూడమ్మా, ఆ దగ్గు ముక్క మా దగ్గర భద్రంగానే ఉంది. కానీ అది ఆణిముత్యం కాదు గదా. దాన్ని ఎట్ల వినిపిస్తం? రేపు ఆచారి గారి పేరేం గావాలె?"

"ఆయన పేరు మంచిగనే ఉంటది సారూ. మా ఆయన నేలమీదున్నడు."

"ఉన్నడు. కానీ ఎంత గొప్పగ పడ్డడమ్మా!" అన్నాడు కార్యదర్శి. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

ఇంకో కామెంటేటర్‌ను పంపమని లింగవ్వ అడిగింది. ఆ మాటకు గదిలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. ఒకరు పడగొట్టిన పహిల్వాన్‌ను మరొకరు లేపడం ఈ వృత్తిలో లేదు. అది పక్కింటి పొయ్యిమీది కూరలో ఉప్పు వేయడంలాంటిది. పడగొట్టినవాడే వచ్చి లేపాలి. ఆచారికి కబురు పంపుతామన్నారు.

తర్వాతి ఆదివారం సుదర్శనాచారి మైకు సంచీలో పెట్టుకుని పోశన్న ఇంటికి వచ్చాడు. వయసు మీదపడినా మనిషి నిటారుగా ఉన్నాడు.

"లేపుడెంత పని చెల్లే! కొండనే కూల్చిన నోరు ఇది," అన్నాడు. ఈసారి జాగ్రత్తగా వక్క ఉమ్మేశాడు. ఇరుగుపొరుగు గుమ్మంలో నిండిపోయారు.

"లేచాడు!" అన్నాడు ఆచారి.

పోశన్న భుజాలు నేలను వదిలాయి. నడుం లేచింది. లింగవ్వ రెండు చేతులూ జోడించింది. పోశన్న సగంలో ఆగాడు.

"ఏమనుకోకుండ్రి సార్," అన్నాడు. "పడ్డనాడు మీ మాటకు నాకే ఏడుపొచ్చింది. గిప్పుడేమో బస్టాండ్ల బస్సు పేరు చదివినట్టున్నది. దీనికి లేస్తే నలుగురిల నా ఇజ్జత్ పోదా?"

చెప్పి, మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు.

లింగవ్వకు ఒళ్లు మండిపోయింది. "ఇజ్జత్ గాదు, కాళ్లు పోతయ్! ఎట్ల చెప్తే ఏంది, చెప్పిండు గదా, లెవ్వయ్యా!" అని అరిచింది. గుమ్మంలో ఉన్నవాళ్లు ఆమెకు నచ్చజెప్పారు. అంత గొప్పగా పడినవాడు ఇంత సాదాగా లేస్తే పడినదానికి విలువేముంటుందని అడిగారు. ఆచారి మొదట నొచ్చుకున్నా, పోశన్న మాటలో న్యాయముందని ఒప్పుకున్నాడు. ఇంటికి వెళ్లి సాధన చేస్తానన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చాడు. ఒకసారి గొంతు పెంచి చెప్పాడు, పోశన్న మోచేతిమీదికి లేచి "పండ్లమ్మినట్టున్నది" అన్నాడు. ఒకసారి గుసగుసగా చెప్పాడు, పోశన్న అది కామెంటరీయే కాదన్నాడు. సంఘంవారు కుర్చీలు పంపించారు. పక్క వీధులవాళ్లు కూడా వచ్చి విని, పెదవి విరిచి వెళ్లేవారు. డాక్టర్ తీరిక ఉన్నప్పుడు వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. పోశన్న పిక్కలు సన్నబడ్డాయని ఆయనే చూసి చెప్పాడు, తర్వాత అందరిలాగే ఆచారి వైపు తిరిగాడు. లింగవ్వ మొదట్లో తలుపు దగ్గర నిలబడి దేవుళ్లకు మొక్కుకునేది. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టాల్సి రావడంతో మొక్కడానికి తీరిక తగ్గింది. చాయ్ మరిగేలోపు ఆచారి చెప్పేదంతా వినేది.

వానలకు ముందు వచ్చిన చివరి ఆదివారం ఆకాశం మూసుకుంది. ఆచారి మైకు పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "మింగిన మట్టే తల్లి అయింది. తల్లి మట్టి కొడుకును భుజం తట్టింది..." అన్నాడు. ఎల్లారంలో ఇంత నిశ్శబ్దం జాతర తర్వాత మళ్లీ ఆరోజే. "లేచాడయ్యా, పోశన్న లేచాడు!"

పోశన్న లేచాడు. మోచేతులు దాటి, నడుం దాటి, ఒక మోకాలు నేలకానించి, గోడ పట్టుకున్నాడు. కాళ్లు వణుకుతున్నా నిలబడేలా ఉన్నాయి. ఎవరూ పెదవి విరవలేదు. పోశన్న మాత్రం ఎటూ తేల్చుకోలేక భార్య వైపు చూశాడు. ఆమె ఊ అంటే లేచి నిలబడేవాడే.

లింగవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి.

"మంచిగనే ఉన్నది సార్," అంది. "కానీ 'లేచాడు' అనే ముందట ఇంకొంచెం ఆగాల్సింది."

కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తలలూపారు. ఆచారి మైకు దించి, లోపం ఎక్కడుందో ఇప్పుడు తెలిసిందంటూ ఆమెకు నమస్కారం పెట్టాడు. పోశన్న ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు తన ఇల్లాలికి కామెంటరీ తెలిసొచ్చిందని నలుగురిలో చెప్పుకుని, గోడ వదిలి మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు. బయట మొదటి చినుకులు పడుతున్నాయి. లింగవ్వ గ్లాసులు పంచి, మొగుడి తలకింద దిండు సరిచేసి, వచ్చే ఆదివారం కాస్త తొందరగా రమ్మని ఆచారికి చెప్పింది.