చప్పుడు ధ్రువీకరణ

చప్పుడు అనేది చెవికి వినబడేది కాదనీ, కంపెనీవారు ధ్రువీకరించిన తరువాతే పుట్టేదనీ మానవజాతి ఆలస్యంగానైనా తెలుసుకుంది. మన్సూరాబాద్‌లో కింది పోర్షన్ కిరాయికి తీసుకున్న నేను మరికొంచెం ఆలస్యంగా తెలుసుకున్నాను. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. ఆ ఆలస్యాన్ని పెద్దలు మన్నించాలి.

నా పేరు జానయ్య. ఆటోనగర్‌లో లారీ చక్రాల బేరింగులు మార్చడం ముప్ఫై ఏళ్లుగా నా పని. స్క్రూడ్రైవర్ మొన బేరింగు పక్కన పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుంటే చాలు. ఆ బేరింగు విజయవాడ దాకా పోతుందో, సూర్యాపేటలోనే కూర్చుంటుందో చెప్పేస్తాను. (ఇది చదువు కాదు. చదువైతే దీనికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ ఉండేది.)

మా ఇంట్లో ముందు నుంచి తలుపు తెరుచుకునే వాషింగ్ మెషీన్ ఉంది. సోకు కోసం కొన్నది కాదు. నా భార్య ఆండాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ దుప్పట్లు ఉతుకుతుంది. గురువారం నలభై వస్తాయి, ఆదివారం నలభై పోవాలి. పదకొండేళ్లు వాటిని బండకేసి బాదింది. బాదగా బాదగా కుడి భుజం అరిగింది. ఇంకోసారి బండ దగ్గరికి పోతే ఆ చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు చెప్పాడు. భుజానికి విడిభాగాలు ఆటోనగర్‌లో దొరకవు కనుక వాయిదాల మీద మెషీన్ కొన్నాం.

గ్యారంటీ ముగిసిన పదకొండో రోజున మెషీన్ అరవడం మొదలుపెట్టింది. నీళ్లు పిండేటప్పుడు గుళకరాళ్ల డ్రమ్ము మెట్ల మీద దొర్లినట్టు ఒకటే రొద.

"ఏందయ్యా గా చప్పుడు? ఇంట్ల లారీ పెట్టినట్టున్నది," అంది ఆండాలు.

నేను స్క్రూడ్రైవర్ తెచ్చి చెవికి పెట్టుకున్నాను. లోపలి డ్రమ్మును అంచు పట్టి పైకెత్తి చూశాను. వదులుగా లేచింది.

"బేరింగు పోయింది."

"నీకు లోకంల ఏది చెడ్డా బేరింగే. మొన్న టీవీ ఆగితె గూడ గదే అంటివి. కంపెనీ మెషీన్, కంపెనోళ్లకే చెప్పు. నువ్వు సుత్తె తెస్తె మాత్రం నేను ఊకోను."

ఆ విధంగా నేను కంపెనీవారి ధ్వని నిర్ధారణ విభాగం ముందు హాజరయ్యాను. (కంపెనీ పేరు చెప్పను. చెబితే దానికీ ఒక ఫారం ఉంటుంది.) ఈ విభాగం ఫోనులోని యాప్‌లో నివసిస్తుంది. దాని నియమాలు సరళమైనవి. ఫిర్యాదుదారు తన చప్పుడును పదిహేను సెకన్లపాటు వినిపించాలి. ఆ సమయంలో ఇంట్లో వేరే చప్పుడు ఉండరాదు. ఉండకూడని చప్పుళ్లకు ఉదాహరణలుగా కుక్కరు, కుక్క, కుటుంబ సభ్యులు అని ఇచ్చారు. ఆ వరుస వారిదే.

మొదటిసారి వినిపించాను. జవాబు వచ్చింది: "గుర్తించిన ధ్వని: ప్రెషర్ కుక్కర్. స్థితి: మూడు కూతల తరువాత దించండి."

రెండోసారి ఫోనును ఇంకొంచెం దగ్గరగా పెట్టాను. "గుర్తించిన ధ్వని: విమానం. మా సంస్థ విమానాలు తయారు చేయదు."

మూడోసారి ఫోనును మెషీన్ మీదనే పెట్టాను. "గుర్తించిన ధ్వని: పెళ్లి బ్యాండు. నూతన వధూవరులకు శుభాకాంక్షలు."

మూడుసార్లు విఫలమైన చప్పుడుకు మనిషితో మాట్లాడే అర్హత వస్తుంది. అంబిక అనే ధ్వని నిర్ధారణ అధికారి ఫోను చేసింది. పాపం, గొంతు మంచిది.

"సర్, మీ చప్పుడు మా దగ్గర రిజిస్టర్ కాలేదు సర్."

"మేడం, గిప్పుడు నడుస్తనే ఉన్నది. మీకు ఇనవడ్తలేదా?"

"వినపడుతోంది సర్. కానీ నాకు వినపడితే లెక్కలోకి రాదు సర్."

"మరి ఎవ్వలికి ఇనవడాలె?"

"సిస్టమ్‌కి సర్."

"సిస్టమ్‌కు చెవులున్నయా?"

"వచ్చే అప్‌డేట్‌లో ఇస్తారంట సర్."

చివరికి ఆమె దయతలచి నా కేసును "చప్పుడు లేని ఫిర్యాదు" అనే వర్గంలో నమోదు చేసింది. చప్పుడు లేకపోవడాన్ని పరిశీలించడానికి టెక్నీషియన్ వస్తాడని చెప్పింది.

బుధవారం రావలసిన టెక్నీషియన్ గురువారం సాయంత్రం వచ్చాడు. పేరు బాల్‌రాజ్. ముప్ఫై ఏళ్లుంటాయి, చొక్కా మీద కంపెనీ బొమ్మ ఉంది. ఇంటి మెషీన్‌లో హాస్టల్ బట్టలు ఉతకడం నిషేధం కనుక ఆండాలు అప్పుడే వచ్చిన నలభై దుప్పట్లనూ మంచం మీదికి తోసి, పైన చీర కప్పింది. చీర నలభైకి సరిపోలేదు.

"సుట్టాలొచ్చిండ్రా అక్కా?" అన్నాడు బాల్‌రాజ్.

"ఆఁ, మస్తుమంది ఒచ్చిండ్రు."

"దుప్పట్ల మీద రూం నంబర్లేసుకొని ఒచ్చిండ్రా?"

"మా సుట్టాలు జర పద్ధతిగల్లోళ్లు తమ్మీ."

బాల్‌రాజ్ మెషీన్ తిప్పాడు. ఆ రొద విన్నాడు. నా వైపు చూశాడు.

"బేరింగే కాకా."

నెల రోజుల్లో నిజం చెప్పిన మొదటి మనిషి. కావలించుకుందామనుకున్నాను.

"అయితే మార్చు."

"మార్చరాదు. నా యాప్‌ల బేరింగ్ అనే బటనే లేదు. 'డ్రమ్ము మొత్తం' అని ఒక్కటే ఉన్నది. గది కొత్త మెషీన్‌ల ముప్పాతికె ధర. ఒచ్చేటాళ్లకు ఇరవై ఒక్క పనిదినాలు."

(కంపెనీ పనిదినాల్లో ఆదివారాలు, రెండో శనివారాలు, సర్వర్‌కు ఒంట్లో బాగుండని రోజులు కలవవు.)

"బయట కొనుక్కొస్తె ఏస్తవా?"

"ముట్టుకుంటె నా నౌకరీ పోతది కాకా." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గని నువ్వు ముట్టుకుంటె నాకేం ఎరుక?"

అతను వెళ్లాక, పోయిన ఆదివారం దుప్పట్లు సగం తడిగానే అందుకున్న హాస్టల్ యజమాని కృష్ణకుమారిగారు ఫోను చేశారు. గుంటూరు వైపు మనిషి, మాట నెమ్మది.

"ఆండాలుగారూ, ఏమనుకోకండమ్మా. మా అమ్మాయిలు గవర్నమెంటు పరీక్షలు రాసేవాళ్లు. ఆదివారానికి దుప్పట్లు రాకపోతే చైతన్యపురిలో ఇంకొకావిడతో మాట్లాడుకోవాల్సి వస్తుంది. మీరంటే నాకు బోలెడు అభిమానం. కానీ అభిమానం పరుచుకుని పడుకోలేరు కదండీ!"

ఆండాలు ఫోను పెట్టేసింది. మంచం మీది దుప్పట్లను చూసింది. కుడి భుజాన్ని ఎడమ చేత్తో నొక్కుకుంది. తరువాత లోపలికి వెళ్లి, మంచం కింది పెట్టె తెరిచి, నా ముందు ఒక వస్తువు పెట్టింది.

"ఇగో, సుత్తె."

శుక్రవారం షెడ్డుకు పోలేదు. మెషీన్ వెనక మూత విప్పాను, బెల్టు తీశాను, మోటారు దించాను, బరువు కోసం బిగించిన సిమెంటు దిమ్మెలు విప్పి పక్కన పెట్టాను. ఇద్దరం కలిసి తొట్టిని బయటికి లాగాం. రెండు ముక్కలు చేసి చూస్తే కథంతా అక్కడే ఉంది. నీళ్లు ఆపవలసిన రబ్బరు సీలు చిరిగింది, నీళ్లు బేరింగులోకి దిగాయి, గోలీలు తుప్పు పట్టి ఎర్రగా ఏడుస్తున్నాయి. సుత్తెతో చుట్టూ సమంగా కొట్టి రెండు బేరింగులూ దించాను. వాటి మీది నంబర్లు చూసి ఆటోనగర్‌లో కొత్త జత, కొత్త సీలు తెచ్చాను. దుకాణంలో నా వేలిముద్ర అడగలేదు, ఓటీపీ అడగలేదు. వెనకబడినవాళ్లు.

కొత్త బేరింగులను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను. చలికి ఇనుము వెంట్రుకవాసి కుంచించుకుంటుంది. ముప్ఫై ఏళ్లుగా నా తిండి ఆ వెంట్రుకవాసిలోనే ఉంది.

"బటానీల పక్కన గా పొట్లమేందయ్యా?"

"బేరింగులు."

"కడిగినవా?"

శనివారం పొద్దున వాటిని బయటికి తీసే సమయానికి బాల్‌రాజ్ మళ్లీ దిగాడు. కొత్త డ్రమ్ము వద్దన్న కస్టమర్ మనసు మారిందేమో చూడటానికి రెండో సందర్శన తప్పనిసరట. మనసు మారినా మారకున్నా నలభై నిమిషాలు ఇంట్లోనే ఉండాలట, ఫోను కనిపెడుతూ ఉంటుందట. ఖాళీగా కూర్చోలేక నాకు టార్చి పట్టాడు. ఇంకో చేత్తో, ఫ్రీజర్ తెరిచింది మొదలు, తన ఫోనులో నా చేతులను వీడియో తీశాడు.

బేరింగు కూర్చునే గుంత చుట్టూ వేడినీళ్ల గుడ్డ చుట్టాను. చల్లటి బేరింగు పెట్టి చుట్టూ తట్టుకుంటూ వచ్చాను.

"పైలమయ్యా, ఏళ్లు!" అంది ఆండాలు. నా ఎడమచేతి ఉంగరం వేలు ఇప్పటికే సగం ఉంది. మిగతా సగం ఏదో లారీకి ఇచ్చాను.

"అడుగుకు తాకిందని ఎట్ల తెలుస్తది కాకా?" అన్నాడు బాల్‌రాజ్.

"దెబ్బ గొంతు మారుతది. ఇను."

టక్, టక్, టక్, ఠంగ్. బాల్‌రాజ్ నోరు తెరిచాడు. వాళ్ల ట్రైనింగులో నాలుగు రోజులు నవ్వడం నేర్పారట, ఇది నేర్పలేదట.

సాయంత్రానికల్లా బిగించి తిప్పాను. ఆండాలు మెషీన్‌కు చెవి ఆనించింది.

"నడుస్తున్నదా, ఆగిందా?"

"నడుస్తున్నది."

సుత్తెను కొంగుతో తుడిచి, తనే పెట్టెలో పెట్టింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నాకు వచ్చిన ప్రశంసాపత్రం అదొక్కటే. ఆదివారం పదకొండు గంటలకు నలభై దుప్పట్లు హాస్టల్ చేరాయి.

గురువారం మళ్లీ నలభై వచ్చాయి. బటన్ నొక్కితే మెషీన్ మీద తాళం బొమ్మ వెలిగింది. ఫోనులో వార్త వచ్చింది: "మీ మెషీన్ విశ్రాంతి తీసుకుంటోంది. దానిని ఎవరో విప్పారు. విప్పినవారు తమ నైపుణ్య ధ్రువపత్రం చూపగానే మేల్కొంటుంది." వెనక మూతకు చిన్న మీట ఉందట, మూత తీస్తే కంపెనీకి చెబుతుందట. శని, ఆదివారాలు సెలవు కాబట్టి కాస్త నిదానంగా చెప్పింది. నెల రోజులు బేరింగు గొంతు చించుకుంటే వినబడనివారికి మూత తీసిన చప్పుడు వినబడింది. ఆ తాళం ఇనుముదైతే ఒక్క దెబ్బతో పోయేది. ఇనుముది కాదు.

బాల్‌రాజ్‌కు ఫోను చేశాను.

"నేను విప్పిన్నని చెప్తె నా నౌకరీ పోతది కాకా. నువ్వే పరీక్ష రాయి. ఇంట్ల కూసోని ఫోన్లనే రాయొచ్చు. నీకొచ్చిన పనే గదా, పరేషాన్ గాకు."

రాశాను. విద్యార్హత అనే గడిలో జాబితా ఇంటర్మీడియట్ దగ్గర మొదలై డాక్టరేట్ దగ్గర ఆగింది. ఏడో తరగతి సగం లేదు. "ఇతరములు" నొక్కితే ఏ విశ్వవిద్యాలయం అని అడిగింది. ఆటోనగర్ అని రాశాను. ఒప్పుకుంది.

పరీక్షకు ముందు శిక్షణ వీడియో చూడటం తప్పనిసరి. "నిపుణునితో బేరింగు మార్పిడి" అని దాని పేరు. (విడిభాగాల విభాగానికి తెలియని బేరింగు వీడియోల విభాగానికి తెలుసు. రెండింటికీ మాటల్లేవట.) వీడియో మొదలైంది. రెండు చేతులు వేడినీళ్ల గుడ్డ చుడుతున్నాయి. వెనక వేణువు వాయిస్తున్నారు. ఎడమచేతి ఉంగరం వేలు సగమే ఉంది.

ఆండాలును పిలిచాను. "గీ చెయ్యి ఎవ్వలిది?"

"నీదే గదా. గా మొండి ఏలు నేనెరగనా? నేను పైలమన్న మాటేది?"

ఆ మాట తీసేసి వేణువు పెట్టారు. కింద "నిపుణుడు: బాల్‌రాజ్" అని పడింది. ఈ నెల ఉత్తమ టెక్నీషియన్ కూడా అతనేనట. తరువాత అడిగితే కుమిలిపోయాడు. "వీడియో పంపే డబ్బాల నా ఐడీ ఒక్కటే పడ్తది కాకా. నీ పేరు రాద్దామంటె జాగలేదు," అన్నాడు. నమ్మాను. నా పేరుకు జాగ లేకపోవడం నాకు కొత్త కాదు.

పరీక్షలో పది ప్రశ్నలు. ఆఖరుది ఇలా ఉంది: "వీడియోలో కనిపించిన లోపాలు ఎన్ని?" ఒక్కటీ లేదని నొక్కాను. తప్పు. మూడు ఉన్నాయి. చేతికి తొడుగులు లేవు, దెబ్బ గొంతును బట్టి నిర్ణయం తీసుకున్నారు, బేరింగును తినే వస్తువుల పక్కన పెట్టారు. ఒక్క మార్కుతో పోయాను. "మీకు ఈ రంగంలో ప్రాథమిక అవగాహన లేదు. తొంభై రోజుల తరువాత మళ్లీ ప్రయత్నించండి." ఆ తొంభై రోజులు కూడా పాత చప్పుడు ఫిర్యాదు మూతపడిన తరువాతే మొదలవుతాయట. మూతపడాలంటే, చప్పుడు పోయిందని పదిహేను సెకన్లు వినిపించి నిరూపించాలట.

శనివారం పొద్దున మెషీన్ దగ్గరికి వెళ్లాను. అది పెరటి వాకిట్లో ఉంటుంది. దాని పక్కనే బండ ఉంటుంది. బండ దగ్గర ఆండాలు ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో పద్నాలుగో రూం దుప్పటి బాదుతోంది. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి.

"జరసేపు ఆపు. వేరే చప్పుడు ఉండొద్దట," అన్నాను.

"నేనాపితె ఆదివారం ఆగుతదా?" అంది తల ఎత్తకుండానే.

ఆగదు. మూగగా నిలబడ్డ మెషీన్ మీద ఫోను పెట్టి బటన్ నొక్కాను. పదిహేను సెకన్లు. ఆరు దెబ్బలు పడ్డాయి. ఆరోది కొంచెం మెల్లగా పడింది. ఫోను కాసేపు ఆలోచించింది. మూడుసార్లు పొరపాటు పడిన ధ్వని నిర్ధారణ విభాగం నాలుగోసారి తడబడలేదు.

"గుర్తించిన ధ్వని: వాషింగ్ మెషీన్. స్థితి: సాధారణం."