గంగరావికి గుర్తింపు

మనిషికైనా మొక్కకైనా పుట్టడం పెద్ద పని కాదు. పుట్టినట్టు రుజువు చేసుకోవడమే అసలు పని. ఆ మహత్కార్యం కోసమే శంషాబాద్‌లో విమానాశ్రయం రోడ్డు మీద ‘వృక్ష గుర్తింపు మహాసంస్థ’ వెలిసింది. సంస్థ యాప్‌లో గుర్తింపు పొందిన మొక్క ఉంటుంది, పొందనిదాన్ని కొట్టేస్తారు. (కలుపు మొక్కలు యాప్ దింపుకోలేదు కనుక వాటి జోలికి ఎవరూ పోలేదు.)

ఆ రోడ్డు మీదే మసర్రత్ చాయ్ బండికి ఉన్న నీడంతా ఒక్క చెట్టుదే. మచిలీపట్నం నుంచి వచ్చి పక్కింట్లో కిరాయికి ఉన్న మాధవీలత నాటిపోయిన గంగరావి అది. మందార కుటుంబం, సముద్రతీరపు సొంత బిడ్డ. ఆ నీడ పోతే మండే ఎండలో చాయ్ తాగడానికి ఎవడొస్తాడు? అందుకే మసర్రత్ పొద్దున్నే పసుపు పువ్వును ఫొటో తీసి యాప్‌లో పెట్టింది. ‘సమీప సముద్రం పేరు’ అన్న గడి నింపందే అది ముందుకు కదల్లేదు. దగ్గర్లోని చెరువు పేరు, హిమాయత్‌సాగర్ అని రాసింది. యాప్ ఏమీ అనుకోలేదు.

సాయంత్రం ధ్రువీకరణాధికారి హరిప్రసాద్ వచ్చి చూస్తే కొమ్మ మీద పువ్వు ఎర్రగా ఉంది.

“ఫొటోలో ఉన్నది ఇది కాదమ్మా.”

“అయ్యో, గదే పువ్వు సార్! పొద్దుగాల పసుపు, పొద్దుగూకేటాళ్లకు ఎర్రగైతది. దాని గుణమే గంత. జర పొద్దుగాల వచ్చి చూడుండ్రి.”

“ఉదయం ఫొటోలు, సాయంత్రం తనిఖీలు. అది నియమం. రంగు మార్చుకోవాలంటే మొక్కే స్వయంగా దరఖాస్తు చేసుకోవాలండీ.”

“మొక్క ఎట్ల జేస్తది సార్?”

“ఆకుముద్ర వేస్తే సరిపోతుంది.”

మసర్రత్ ఆకుకు సిరా పూసి ముద్ర వేయించింది. తెంపిన ఆకు ఆ మొక్కదేననడానికి సాక్ష్యం లేదని తిప్పి పంపారు. బండి మూసుకొని రాజేంద్రనగర్ పోయి, మొక్కల చదువు చెప్పే అనుపమ మేడమ్ చేత ‘ఇది గంగరావే’ అని రాయించుకొచ్చి ఇచ్చింది. పరిశీలనలో ఉన్న మొక్కను కొట్టకూడదని సంస్థలో గట్టి నియమం. అందుకని ముందు కొట్టేసి, తర్వాత పరిశీలనకు తీసుకున్నారు.

“నా కడుపు గొట్టిండ్రు గద సార్!” అని మసర్రత్ నడిరోడ్డు మీద ఏడ్చింది.

వారం తిరక్కుండా ఫోన్‌కు కబురొచ్చింది: ‘అభినందనలు. మీ గంగరావి రక్షిత దేశీయ మొక్కగా గుర్తింపు పొందినది.’ వెనకాలే హరిప్రసాద్ నోటీసు పట్టుకొని దిగాడు. రక్షిత మొక్క ఉండవలసిన చోట లేదట.

“ఏడ సంతకం జెయ్యాలె సార్?” అంది మసర్రత్, కొంగుతో చెమట తుడుచుకుంటూ.

‘నిందితురాలు’ అని ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు హరిప్రసాద్, ఎంతో మర్యాదగా.