వంటింటి నుంచి వచ్చిన బెదిరింపులు

తడిగుడ్డతో హాల్లోని కంప్యూటర్ తెరలు ఒక్కొక్కటే తుడుస్తున్నాను. క్యాషియరుగారి తెర దగ్గర గుడ్డ రెండోసారి తడపాల్సి వచ్చింది. ఆయన అంకెలు వేలు పెట్టి లెక్కపెడతారు, ఆ వేలు అంతకుముందు ఎక్కడుందో చూసుకోరు.

"ఆగమ్మాయ్! అక్కడే ఆగు!"

వెనక నుంచి వచ్చిన కేకకు ఉలిక్కిపడి గుడ్డ జారవిడిచాను.

"వేలిముద్రలు! నేరస్థుడి వేలిముద్రలు చెరిపేస్తున్నావు!"

"అవి క్యాషియరుగారి నూనె చేతులు బాబాయ్. రోజూ ఉండేవే."

"రోజూ ఉండేవాటిని లోకం చూడదు. నేను చూస్తాను. డేగకన్ను అనేది ఈ భూమ్మీద ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ ఇప్పుడు నీ ముందు నిలబడ్డాడు. సాయంత్రంలోగా ఈ కేసు నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడుతుంది. రాసిపెట్టుకో!"

రాసిపెట్టుకోవడానికి నా దగ్గర కిందపడ్డ తడిగుడ్డ ఒక్కటే ఉంది.

ఆయన మా ఆఫీసులో సరుకు పంపించే గుమాస్తా. పక్క కుర్చీ కాబట్టి నేను బాబాయి అంటాను. డేగ అన్న బిరుదు ఆయనకు ఆయనే ఇచ్చుకున్నారు. దగ్గరివి చూడటానికి ఆయనకో కళ్ళజోడుంది, దూరానివి చూడటానికి ఇంకోటి ఉంది, ఆ రెండూ ఎక్కడ పెట్టారో వెతకడానికి నేనున్నాను.

మాది నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీ. ఆఫీసు ఒక అద్దె ఇల్లు. హాల్లో మేము, పడగ్గదిలో మేనేజరుగారు కూర్చుంటాం. వంటింటి గట్టు మీద, పూర్వం పొయ్యి ఉన్నచోట, నెట్‌వర్క్ డబ్బాలు మిణుకుమిణుకుమంటుంటాయి. వాటి పక్కన స్టూలు మీద వైరక్క ఉంటుంది. ఏ వైరు ఎక్కడ తెగినా ఆవిడే అతకాలి. కంప్యూటర్లకు కూడా గదుల పేర్లే పెట్టారు. ఎవరైనా మెసేజ్ పంపితే తెర మధ్యలో ఓ చిన్న పెట్టె టింగుమని తెరుచుకుని, పైన పంపిన కంప్యూటరు పేరు పడుతుంది.

వారం నుంచి ఆ పెట్టెలే మా ప్రాణం తీస్తున్నాయి.

‘మీ కుర్చీ కింద ఏదో పాకుతోంది’ అని వస్తే క్యాషియరుగారు బల్లెక్కారు. ఆ శరీరాన్ని దించడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది. ‘మీ లెక్కలన్నీ ఇప్పుడే మాయమైపోతాయి’ అని నాకు వస్తే, అన్నం మానేసి మళ్ళీ అంతా కాగితం మీదికి ఎక్కించాను. ‘నిన్ను చూస్తున్నాను’ అని డేగ బాబాయికి వచ్చింది. ఆయన చుట్టూ పరిశోధించి, మౌస్ కింద వెలిగే ఎర్రదీపాన్ని పట్టుకున్నారు.

"ఇదిగో కన్ను! దీంతోనే చూస్తున్నాడు!" అని దాని మీద నల్లటేపు అంటించారు. ఆ తర్వాత మౌస్ పనిచేయకపోతే, శత్రువు పగబట్టి దాన్ని చంపేశాడని మేనేజరుగారికి ఫిర్యాదు చేశారు.

అన్ని పెట్టెల మీదా ఒకటే పేరు: వంటిల్లు.

అందుకే ఆ ఉదయం మేనేజరుగారు పడగ్గది గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పేశారు. "వంటింట్లో ఉండేది ఒక్క మనిషి. సాయంత్రం ఓనరమ్మగారు వస్తున్నారు, ఆ మనిషిని పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టడానికి. ఈలోగా ఇంకెవరైనా దొరికారా, సరే. లేదంటే రేపటి నుంచి ఆవిడ రానక్కర్లేదు."

ఏటేటా ‘వచ్చే ఏడు చూద్దాం’ అనిపించుకుంటూ ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది వైరక్క. ఆ మాట విని ఆవిడ చేతిలో వైరును అలాగే పట్టుకుని ఉండిపోయింది. మేమంతా మా తెరల్లోకి చూసుకున్నాం.

"భయపడకమ్మా! నీ కేసు డేగ చేతిలో ఉంది!" అన్నారు బాబాయి. అసలు భయం అప్పుడు మొదలైంది.

నన్ను వెంటబెట్టుకుని వంటింట్లోకి నడిచి, మొదట సింకులోకి తొంగిచూశారు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఇక్కడే."

"ఒప్పేసుకుంది! రాసుకో అమ్మాయ్!"

"ఇది నా సీటండీ. ఇంకెక్కడుంటాను?"

"ఈ వైర్లకి ఇన్ని రంగులెందుకు?"

"ఏది ఎవరిదో తెలియడానికి."

"అంటే ఎవర్ని ఏ రంగుతో కొట్టాలో ముందే ఏర్పాటు చేసుకున్నావన్నమాట!"

వైరక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"డేగగారూ, ఆ పెట్టె మీద పడేది మిషను పేరండీ, మనిషి పేరు కాదు. పోయిన వారం సెలవురోజు..." అని ఆగింది. గోడ అవతల పడగ్గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఊఁ, సెలవురోజు?"

"ఏం లేదు లెండి."

"చూశావా అమ్మాయ్, సెలవురోజున కూడా నేరాలు చేస్తోంది!"

సాయంత్రం ఓనరమ్మగారు వచ్చి హాల్లో క్యాషియరుగారి కుర్చీలో కూర్చున్నారు. పెద్దావిడ, మాట తక్కువ. ఒళ్ళో కాగితం, చేతిలో పెన్ను. క్యాషియరుగారు గోడకు అతుక్కున్నారు.

బాబాయి నా చెవిలో గుసగుసలాడారు. "ఆఖరి అస్త్రం తీస్తున్నాను. శత్రువు ఆయుధంతోనే శత్రువుని కొడతాను. వంటింటికి నేనే ఓ మెసేజ్ పంపుతాను. అది చదివి, వణికిపోతూ, ఆ తలుపులోంచి బయటికి వస్తుంది. ముందు ఈ టేపు పీకు."

పీకాను. మౌస్ బతికింది. శత్రువు లొంగుబాటుకు అదే తొలి సూచన అన్నారు. ఆ తర్వాత ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ అరెస్టు చేస్తున్నట్టు నొక్కారు: ‘నీ ఆట నాకు తెలిసిపోయింది. బయటికొచ్చి నా ముందు ఒప్పుకో. ఇట్లు, ఓనరు.’

"ఆవిడ పేరెందుకు బాబాయ్?"

"నా పేరు చూస్తే గుండాగిపోవచ్చు. మనకి మనిషి ప్రాణాలతో కావాలి."

మెసేజ్ వెళ్ళింది. బాబాయి వంటింటి తలుపుకేసి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, దూరపు కళ్ళజోడు సర్దుకున్నారు.

టింగుమంది. వంటింట్లో కాదు, పడగ్గదిలో.

పడగ్గది తలుపు తెరుచుకుంది. మేనేజరుగారు పాలిపోయిన ముఖంతో వచ్చి ఓనరమ్మగారి ముందు చేతులు కట్టుకున్నారు.

"సార్, కొంచెం పక్కకి," అన్నారు బాబాయి తల తిప్పకుండా. "నేరస్థురాలు వచ్చే దారి."

"తప్పయిపోయిందమ్మా," అన్నారు మేనేజరుగారు. "సరదాకి మొదలుపెట్టాను. నాలుగు గోడల మధ్య ఒక్కణ్ణే ఉంటాను. నన్ను చూస్తే వీళ్ళ నవ్వులు ఆగిపోతాయి. అందుకని గోడ అవతల గోల వినబడితే... బావుండేది."

ఓనరమ్మగారు అయోమయంగా ఆయన్ని చూశారు. "ఏమిటయ్యా, దేని గురించి?"

ఆ మెసేజ్ ఆవిడ పంపింది కాదని మేనేజరుగారికి అప్పటికి అర్థమైంది. నోరు మాత్రం ఆగలేదు. ఆయన మిషను నెమ్మదిగా ఉందని, సెలవురోజు వైరక్కను పిలిపించి వంటింటి కంప్యూటర్ని తన గదికి మార్పించుకున్నారట. పేరు దాంతోపాటే వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఆయనే అన్నారట. నేరం ఆవిడ మీద పడ్డాక రేపటి నుంచి రానక్కర్లేదన్న సంగతీ చెప్పేశారు.

గోడ దగ్గర క్యాషియరుగారు "నన్ను బల్లెక్కించింది మీరా!" అన్నారు.

"అయితే ఆ వంటింట్లో అమ్మాయిని పంపేస్తానన్నావెందుకు?" అడిగారు ఓనరమ్మగారు.

మేనేజరుగారు కట్టుకున్న చేతుల్ని ఇంకాస్త గట్టిగా కట్టుకున్నారు.

బాబాయి అప్పుడు ఇటు తిరిగారు. ఒక్క క్షణం తడబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు మొదటినుంచీ ఈయన మీదే అనుమానం. ఆవిణ్ణి ప్రశ్నించడం ఒక నాటకం. ఏమంటావమ్మాయ్?"

నేను తడిగుడ్డ అందుకుని, పొద్దున తుడిచిన తెరనే మళ్ళీ తుడిచాను.

వైరక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. ఓనరమ్మగారు గబగబా సంతకం పెట్టి కాగితం చాపారు. "తీసుకోమ్మా. ఇవాళ్టి నుంచీ నువ్వు పర్మనెంట్."

వైరక్క వెనక్కి వెళ్ళింది. భుజాన సంచితో, చేతిలో అన్నం డబ్బాతో మళ్ళీ వచ్చింది. క్యాషియరుగారిని చూసింది, మేనేజరుగారిని చూసింది. నన్ను కొంచెం ఎక్కువసేపు చూసింది.

"ఆగమ్మా! నీ మీద కేసు కొట్టేశాను!" అన్నారు బాబాయి.

ఓనరమ్మగారి చేతిలో కాగితం ఫ్యాను గాలికి రెపరెపలాడుతోంది. వైరక్క ఆ పక్కనుంచే నడిచి, వరండాలో చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.