హెడ్ పైపు దగ్గర ఆఖరి అంగుళం

మనుషులు పాముకి భయపడతారు, పోలీసుకి భయపడతారు, కొందరు పెళ్ళానికి కూడా భయపడతారు. గజపతినగరం ఫ్రేముల త్రినాథ్ మాత్రం ఆ వారమంతా ఒక్క అంగుళం అతుకుకి భయపడి చచ్చాడు.

ఆ అతుకు వేసింది కూడా తనే. రోడ్డు మీద తిరిగే మోటారుసైకిళ్ళకీ రేసు బళ్ళకీ కోరినట్టు ఫ్రేములు కట్టడం అతని పని. తన ఫ్రేము మీద ఏనుగెక్కినా విరగదని ఆటోస్టాండు దాకా వినపడేలా చెప్పడం అతని అలవాటు.

ఈసారి ఫ్రేము బావమరిది సాయికిరణ్‌ది. ఆదివారం మట్టి ట్రాకు మీద రేసు. బండికి ముందు, హ్యాండిలు తిరిగేచోట ఉండే లావుపాటి గొట్టాన్ని హెడ్ పైపు అంటారు. బరువంతా వచ్చి పడేది దానిమీదే. అది ఊడితే చక్రం ఒక దారి, మనిషి ఒక దారి.

సరిగ్గా ఆ హెడ్ పైపు వెల్డింగుతో అతుకుతూ ఉండగా, ఇంకో అంగుళం ఉందనగా, కరిగిన ఇనుముకి గాలి తగలకుండా కాపాడే గ్యాసు సిలిండర్లో అయిపోయింది. గ్యాసు లేకుండా వేసిన అతుకు పైకి అతుకులాగే ఉంటుంది గానీ లోపలంతా జల్లెడే. కోసేసి, కొత్త సిలిండరు పెట్టి మళ్ళీ వెయ్యాలి. అప్పుడు షాపులో ముగ్గురు కస్టమర్లు నిలబడి చూస్తున్నారు. వాళ్ళముందు కొయ్యడానికి మొహం చెల్లక, ఎలాగో లాగించేసి, గ్రైండరుతో నున్నగా రుద్ది, పైన నల్లరంగు కొట్టేశాడు.

అప్పట్నుంచి అన్నం సయించలేదు. సాయికిరణ్‌ని ఎనిమిదేళ్ళ వయసునుంచీ భుజాల మీద తిప్పినవాడు. కళ్ళు మూసుకుంటే చాలు, వాడు హెల్మెట్టుతో గాల్లోకి లేవడం కనిపించేది. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పకుండా రేసు ఆపడమెలాగని ఆలోచించాడు.

మొదట కలని నమ్ముకున్నాడు.

"పీడకలొచ్చిందే. సాయిగాడు బండిమీంచి పడిపోయినట్టు," అన్నాడు భార్య భరణితో.

"ఏ రంగు బండి మావా?"

"ఎర్రది," అన్నాడు తడుముకోకుండా.

"మనది నల్లది కదా. ఎవులి బండో అయ్యుంటాది. కాఫీ తాగు."

ఆ కల అక్కడితో ముగిసింది. తరువాత వాతావరణం బాగులేదన్నాడు, ఆకాశంలో మబ్బు తునక లేదు. తన నడుం పట్టేసింది, బండి బిగించలేనన్నాడు. భరణి నడుముకి కాపడం పెట్టి, స్పానర్లు చేతికందిస్తూ పక్కనే కూర్చుంది. శుక్రవారానికి బండి తయారైపోయింది.

ఇక మిగిలింది అత్తగారు అసిరమ్మ. శకునాల దగ్గర ఆవిడది కోర్టు తీర్పు. పిల్లి ఎదురొచ్చిందని ఎక్కిన బస్సు దిగిపోయిన మనిషి. శనివారం పొద్దున బండికి కొబ్బరికాయ కొట్టడానికి కోటబొమ్మాళి నుంచి వచ్చింది. బండి కదిలే సమయానికి ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, రేసుకే కాదు, వీధి చివరికి కూడా ఆవిడ కొడుకుని పంపదు. త్రినాథ్ బజారుకెళ్ళి పొట్లం నశ్యం కొనుక్కొచ్చుకున్నాడు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సాయికిరణ్ తాళం తిప్పబోయాడు. త్రినాథ్ వెనక్కి తిరిగి చిటికెడు పీల్చాడు. భయంలో చిటికెడు కాస్తా చారెడయింది.

ఒకటి తుమ్మాడు. అసిరమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపేసింది. త్రినాథ్ ప్రాణం లేచొచ్చింది. అంతలో రెండోది వచ్చింది. జంట తుమ్ము శుభం. మూడోది వచ్చింది, బతికాననుకున్నాడు. నాలుగోది వెంటనే వచ్చింది. ముక్కు పట్టుకున్నా, నోరు మూసుకున్నా ఆగలేదు. అసిరమ్మ వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతూనే ఉంది. పదహారు దగ్గర ఆగాయి. ఇంకొక్కటి కోసం అతను ఎండకేసి ముక్కు పెట్టి మరీ నిలబడ్డాడు గానీ రాలేదు.

ఎనిమిది జంటలు, ఇంత మంచి శకునం తన జన్మలో ఎరగనని అసిరమ్మ బండికి దణ్ణం పెట్టింది.

"ఐతే మొదట మనిద్దరం ఎల్దాం మావా. పైడితల్లమ్మకి సూపించుకుని ఒచ్చేద్దాం," అంది భరణి.

వెనక సీటు లేదని త్రినాథ్ చెప్పి చూశాడు. భరణి దిండు తెచ్చి తాడుతో కట్టేసింది. కొట్టిన కొబ్బరిచెక్కలు సంచిలో వేసి, ఆ సంచి ట్యాంకుకి తగిలించి, ఎక్కి కూర్చుంది.

విజయనగరం రోడ్డు మీద ఆ రేసు బండిని సైకిలు మీద పాలవాడు దాటిపోయాడు. త్రినాథ్ కళ్ళు రోడ్డు మీద లేవు, హెడ్ పైపు మీద ఉన్నాయి. గొయ్యి వస్తే ఊపిరి బిగపట్టాడు. లారీ వస్తే పక్కకి దిగిపోయాడు. ఇన్నాళ్ళూ సాయిగాడొక్కడి గురించే భయం, ఇప్పుడు వీపుకానుకుని భరణి కూడా ఉంది. చెమటకి చొక్కా అంటుకుపోయింది. ఊళ్ళో ఉన్న అమ్మవార్లందరినీ పేరుపేరునా పిలిచాడు.

బొండపల్లి దగ్గర స్పీడుబ్రేకరెక్కి దిగారు. ముందునుంచి టక్కుమని చప్పుడైంది.

త్రినాథ్ బండాపేశాడు. చూస్తే సంచిలో కొబ్బరిచెక్క ఊగి ఫ్రేముకి కొట్టుకుంది. అంతే. కానీ అతని గుండె ఇక పనికి రానంది.

"నువ్వు దిగిపో భరణీ."

"ఏటయింది?"

"ఈ బండెక్కొద్దు. సాయిగాడు కూడా ఎక్కకూడదు. హెడ్ పైపు అతుకు మంచిది కాదు. గ్యాసు అయిపోయినా వేసేశాను. ముగ్గురు సూస్తన్నారని సిగ్గేసి రంగు కొట్టేశాను." చెప్పి రోడ్డు పక్కన కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

భరణి దిండు సర్దుకుంటూ నిలబడింది. "గ్యాసు ఏజెన్సీకి ఫోను సేసేది నానే కదా మావా. సిలిండరు ఎప్పుడు ఖాళీ అయిందో, నువ్వు రంగెప్పుడు కొట్టావో నాకు తెల్దేటి. గురువారం నువ్వు సిక్కోలు పెళ్ళికెళ్ళినప్పుడు, ఫ్రేము ఆటోలో ఏసుకుని నానూ తమ్ముడూ ఎస్.కోట ఎల్లాం. నరసింగరావు గారు కోసి మళ్ళీ ఏసి, పైన నల్లరంగు కొట్టిచ్చారు."

నరసింగరావు త్రినాథ్‌కి పని నేర్పిన గురువు. నీ గొట్టం వంకరగా ఉందిరా అన్న పాపానికి త్రినాథ్ ఆయనతో మాటలు మానేసి నాలుగేళ్ళయింది.

తను ఇందాకట్నుంచి ప్రాణాలరచేతిలో పెట్టుకుని చూస్తున్నది గురువుగారి అతుకునని త్రినాథ్‌కి అప్పుడు తెలిసింది. శుక్రవారం తన చేతుల్తో బిగిస్తూ కూడా తేడా కనిపెట్టలేదు.

"ఏటన్నారు?" అని అడిగాడు మెల్లగా.

"కోసి లోపల సూసారు. సాయిగాడి తల మీద సెయ్యేసి నిమిరారు."

ఆ మాటకి త్రినాథ్ తలెత్తలేకపోయాడు. ఇదంతా తెలిసీ తనకెందుకు చెప్పలేదని మాత్రం అడిగాడు.

"నువ్వు సెప్తావేమోనని సూసాను. గుడి దాకా ఎల్లినా సెప్పకపోతే, తమ్ముడు ఇంక నీ బండెక్కడు. నానూ ఎక్కను." కొంగుతో అతని మొహం తుడిచింది. "లేగు. బండి ఎస్.కోట వేపు తిప్పు. ఆయన మమ్మల్నేటీ అడగలేదు. నిన్నోపాలి తెమ్మన్నారు."

ఎస్.కోట దాకా బండి ఎక్కడా కిర్రుమనలేదు. త్రినాథ్ భయంగా తోలాల్సిన పనీ లేకపోయింది. అయినా దారంతా స్పీడు పదిహేను దాటనివ్వలేదు. నరసింగరావు ఇంటిముందు బండి గోడకానించి, గేటు గొళ్ళెం తియ్యడానికి మూడుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు.

భరణి గొళ్ళెం తీసి, పక్కకి తప్పుకుని, ముందు నువ్వెళ్ళు అంది.