పులిగారి గేటు, బామ్మర్ది తాడు

పులి కంటే పులి గేటే మేలు! నల్లమలలో పుట్టి, ముప్పై ఏళ్ళు అందులోనే తిరిగి, ఇప్పుడు అభయారణ్యం గేటు బయట రోడ్డు పక్కన కాపురముంటున్న చెంచువాణ్ణి. నా మాట నమ్మండి.

పులి ఎప్పుడొస్తుందో తెలియదు. గేటు ఉన్నచోటే ఉంటుంది. పులి ఎదురైతే ఊపిరి బిగబట్టి దారి తప్పుకోవాలి. గేటు దగ్గర ఆ తిప్పలున్నాయా? అడవిలోకి వెళ్ళే కార్డు చూపించి, అది పాతదని తిట్టించుకుని, వెనక్కి తిరిగితే సరి!

ఇదివరకు ఏ వాగు ఏ లోయలో దూకి కృష్ణలో కలుస్తుందో, కణితి దుప్పి ఏ గుండంలో నీళ్ళు తాగుతుందో మేమే బుర్రలో మోయాల్సి వచ్చేది. ఎంత బరువు! ఇప్పుడన్నిటికీ బోర్డులున్నాయి. ఎలుగుబంటికి చదువు రాదు గనుక కార్డు లేకుండానే ఇప్పపూలు మేసి పోతోంది. పాపం, దానికి చెప్పేవాళ్ళు లేరు.

ఇక ఫొటోలు! చెట్లకు కెమెరాలు కట్టారు. మా అవ్వ బతికినన్నాళ్ళలో దిగిన ఒకే ఒక్క ఫొటో వాటి పుణ్యమే. నెత్తిన కట్టెలమోపు, కింద ‘అక్రమ ప్రవేశం’ అన్న అక్షరాలు. పులికైతే చారల కోసం రెండు వైపులా తీస్తారట. అవ్వకు ఒకవైపే తీశారు. అయినా ముఖం చక్కగా వచ్చింది.

ఈ ఎండాకాలం మా గురవమ్మక్క మొగుడు బయన్న బావ కొండతేనెకు బయల్దేరాడు. లోపలి గూడెంలోనే ఉంటాడు గనుక ఆయనకు కార్డుంది. ఆ ఇంటి తిండి ఆ తేనె మీదే. ఆయన లోయలోకి వేలాడితే పైన తాడు పట్టాల్సింది నేను. మాలో తాడు బామ్మర్దికే ఇస్తాం, సొంత అన్నదమ్ములకు కూడా ఇవ్వం. అక్క బొట్టు చెరగాలని ఏ తమ్ముడు కోరుకుంటాడు?

నా కార్డు పాతదని గేటు దగ్గర ఆపేశారు. కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు మంచివారు. “దానికేముందయ్యా, తాడు మా గార్డు పట్టుకుంటాడు” అన్నారు.

బావ గార్డును ఎగాదిగా చూశాడు. “ఏం తమ్మీ, మా గురవమ్మ నీకేమైతది?”

“ఏం గాదన్నా.”

“మరి నేను పడితె నీకేం పోతది?”

సారుకు కోపమొచ్చింది. “మా మీద నమ్మకం లేదా?”

“అయ్యో, ఎందుకుండది సారూ! గిదో, తాడు నడుముకు కట్టుకోర్రి. మీరే దిగుర్రి. మీ గార్డే పడ్తడు.”

గేటు పక్కనే లోయ. సారు తొంగిచూసి రెండడుగులు వెనక్కి వేశారు. “పిల్లలు గలవాణ్ణయ్యా!” అన్నారు.

బావ తాడు చుట్టి భుజాన వేసుకుని గూడేనికి వెళ్ళిపోయాడు. ఈ ఏటి తేనె ఈగలకే.

నాకూ ముగ్గురు పిల్లలున్నారు. ఐదేళ్ళ కిందట ఇలాంటి సార్లే మా గూడేనికి వచ్చి, “కొండ దిగండి, కింద మిమ్మల్ని మేం చూసుకుంటాం” అన్నప్పుడు ‘పిల్లలు గలవాణ్ణయ్యా’ అనాలని నాకు తోచనే లేదు. పిల్లల్ని చంకన వేసుకుని దిగేశాను.